రేణుక పాన్ మీద రెండో జీతం

2023 జూన్‌లో నన్ను బిల్లింగ్ విభాగం నుంచి జీతాల విభాగానికి మార్చారు. భైఖలా వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి మాది. సిబ్బంది ఆరు వందల పైచిలుకు. నా హోదా సీనియర్ అకౌంట్స్ ఆఫీసరు; కింద ఇద్దరు గుమస్తాలు, పైన ఫైనాన్స్ మేనేజరు. పదవీ విరమణకు ఇంకా ఇరవై ఒక్క నెలలు ఉన్నాయి. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా ఆ ఆసుపత్రిలోనే రకరకాల బల్లల దగ్గర పనిచేశాను గానీ, కొత్తగా చేరేవాళ్ల కాగితాలు చూసే బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు.

ఆ బల్ల పని గురించి కొంచెం చెప్పాలి. జీతం మీద ఆదాయపు పన్ను ఉద్యోగిదే అయినా, ముందుగా కోసి కట్టేది యాజమాన్యం. ఉద్యోగికి ఆ ఏడాది మొత్తం మీద ఎంత వస్తుందో అంచనా వేసి, దానికి పన్ను లెక్కగట్టి, నెలకింత చొప్పున జీతంలోంచే తీసి, మరుసటి నెల ఏడో తారీఖులోగా ప్రభుత్వానికి జమ చేస్తాం. మూడు నెలలకోసారి ఎవరికెంత ఇచ్చామో, ఎంత కోశామో పాన్ నంబర్ల వారీగా ఒక పట్టిక పంపుతాం. అందుకే చేరిన రోజునే పాన్, ఆధార్ తీసుకుంటాం. పాత పన్ను విధానమా, కొత్తదా అని రాయించుకుంటాం. ఇంకో కాగితం ఫారం 12బి. ఏప్రిల్‌తో మొదలయ్యే ఆ సంవత్సరంలో ఇంతకు ముందు ఎక్కడైనా పనిచేసి ఉంటే, అక్కడ తీసుకున్న జీతం వివరాలు అందులో ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండు ఆఫీసులూ ఎవరికి వారే తామొక్కరమే జీతమిస్తున్నామనుకుని, మినహాయింపులన్నీ రెండుసార్లు ఇచ్చేస్తాయి. ఏడాది చివర రెండు జీతాలూ ఒకే పాన్ కింద కలిసేసరికి, తగ్గిన పన్నంతా ఉద్యోగి నెత్తిన పడుతుంది.

రేణుక ఆగస్టు ఒకటిన చేరింది. ల్యాబ్ టెక్నీషియన్. నెలకు ఇరవై ఎనిమిది వేలు, ఆరు నెలల ప్రొబేషన్. వయసు ఇరవై రెండు. నాకు కొత్త మనిషి కాదు. మేముండేది తెలుగు కూలీలు వచ్చి స్థిరపడ్డ కామాటిపుర పేటలో, పదకొండో గల్లీలో, వాళ్లది ఏడో గల్లీ. మా తాత రాళ్లు కొట్టే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. రేణుక నాన్న యాదయ్య పాతికేళ్ల కిందట మహబూబ్‌నగర్ జిల్లా నుంచి సెంట్రింగ్ పనికి వచ్చాడు. రేణుక పదో తరగతిలో ఉండగా తల్లి పోయింది. యాదయ్య నన్ను అక్కా అంటాడు కాబట్టి రేణుకకు నేను అత్తను. ఆఫీసులో మాత్రం మేడం అనేది.

ఆ రోజు యాదయ్య పని మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, కూతురి వెంట ఆసుపత్రి గేటు దాకా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"పగార్ బ్యాంకుల పడతదంట గదక్కా," అన్నాడు. "టాక్స్ గూడ కోస్తరా?"

ఇంత జీతానికి కోయరని చెప్పాను.

"కోసినా మంచిదే. కోసేటంత పగార్ అయితే," అన్నాడు. ఆ ఇంట్లో నియామక పత్రం అందుకున్న మొదటి మనిషి రేణుక.

కాగితాలు ముందు పెట్టి, అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాను. ఇంతకు ముందు ఎక్కడైనా పనిచేశావా అని. "లేదు మేడం. ఇదే నా పహిలీ నోక్రి," అంది. ఫారం 12బి మీద "వర్తించదు" అని రాయించి సంతకం పెట్టించుకున్నాను. పాన్, ఆధార్ రెండింట్లో పేరు ఒకేలా ఉంది. మా వాళ్లకు అది అరుదు. ఇంటిపేరు ఒక దాంట్లో ముందు, ఒక దాంట్లో వెనక ఉండి, మధ్యలో మరాఠీ పద్ధతిలో తండ్రి పేరు దూరి నానా తంటాలు పడుతుంటారు. ఈ పిల్ల కాగితాలు శుభ్రంగా ఉన్నాయని ఆమెతోనే అన్నాను. వాటిని అంత శుభ్రంగా చేయించింది ఎవరో నేను అడగలేదు.

జనవరి జీతాల విభాగానికి ఊపిరాడని నెల. బీమా రసీదులు, అద్దె రసీదులు అన్నీ అప్పుడే పరిశీలించి, మిగిలిన మూడు నెలల్లో ఎంత పన్ను కోయాలో తేల్చాలి. ఆ ఏడాది నేనొక కొత్త పద్ధతి పెట్టాను. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ప్రతి పాన్‌కీ ఒక వార్షిక సమాచార పత్రం ఉంటుంది. ఆ మనిషికి ఇంత ఇచ్చామని ఎవరెవరు శాఖకు చెప్పారో అందులో పడుతుంది. ఆ సంవత్సరం కొత్తగా చేరినవాళ్లంతా దాన్ని తెరిచి, అచ్చు తీసి నాకివ్వాలన్నాను. చాలామందికి తెరవడం చేతకాక నా కంప్యూటరు దగ్గరికే వచ్చేవారు. రేణుక ఒక బుధవారం భోజన విరామంలో వచ్చింది. తన ఫోనుకు వచ్చిన అంకెలు తనే కొట్టి పత్రం తెరిచింది.

అందులో రెండు వరుసలు ఉన్నాయి. ఒకటి మా ఆసుపత్రి, ఆగస్టు, సెప్టెంబరు. రెండోది ఒక నిర్మాణ కార్మికుల సరఫరా కంపెనీ. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు అరవై వేల చొప్పున జీతం. కోసిన పన్ను సున్నా. పత్రాలు మూడు నెలలకోసారి చేరతాయి కాబట్టి సెప్టెంబరు తర్వాతివి ఇంకా పడలేదు గానీ, ఆగిపోయిన సూచన లేదు.

"ఈ కంపెనీ ఎవరిది?" అన్నాను.

ఆమె పేరును రెండుసార్లు చదివింది. "బాలస్వామి మామ ఆఫీసు బోర్డు మీద ఉంటది మేడం ఈ పేరు," అంది. అంకె మీద వేలు పెట్టి, "అరవై వేలు. నేను అంత పగార్ ఎన్నడు సూడలే," అంది.

వెనకటి సంవత్సరాలు తెరిపించాను. ఆమెకు పద్దెనిమిది నిండిన ఏడాది నుంచి అదే కంపెనీ ఉంది. మొదట తక్కువ, తర్వాత తర్వాత ఎక్కువ. ఎప్పుడూ పన్ను పడే గీతకు కాస్త దిగువనే ఆగింది. ఈ ఏడాది కొత్త విధానంలో ఏడు లక్షల దాకా పన్ను లేదు. నెలకు అరవై వేలంటే, జీతగాళ్లందరికీ లెక్కలోంచి తీసేసే యాభై వేలు పోను ఆ గీతకు లోపలే ఉంటుంది. రాసినవాడు పని తెలిసినవాడు. కంపెనీ ఖర్చు పెరిగి లాభం తగ్గాలి, మనిషి మీద పన్ను పడకూడదు, ఎవరికీ అనుమానం రాకూడదు. పని చేయని మనిషిని జీతాల పట్టికలో రాసే ఈ పద్ధతి మా వృత్తిలో ఎవరికీ కొత్త కాదు. కానీ ఇప్పుడు మా ఆసుపత్రి ఇచ్చే నిజం జీతం దాని పక్కన చేరింది. రెండూ కలిస్తే గీత దాటుతుంది. ఒక్కసారిగా నలభై వేల పైన పన్ను. ఎన్నడూ చేతికి రాని డబ్బు మీద.

రేణుకకు ఇదంతా వివరించాను. ఆమె పన్ను గురించి అడగలేదు.

"అత్తా," అంది. ఆఫీసులో ఆ పిలుపు అదే మొదటిసారి. "ఈ నెల ఆఖరుకు నా ప్రొబేషన్ అయిపోతది. పక్కా అయినంక ఎవరికి చెప్పాల్నో చెప్దాం. రెండు వారాలు ఆగు."

చూద్దామన్నాను. ముందు మీ నాన్నతో మాట్లాడతానన్నాను.

ఆదివారం పొద్దున్నే ఏడో గల్లీకి వెళ్లాను. వాళ్ల ఖోలీ, ఒక్క గది ఇల్లు, రెండో అంతస్తులో, నీళ్ల పీపాల పక్కన. రేణుక డ్యూటీకి వెళ్లింది. యాదయ్య ఒక్కడే ఉన్నాడు. చాయ్ పెట్టబోతే వద్దన్నాను. విషయం చెప్పాను. అతనికి సగం తెలుసు.

"పోరికి డిప్లొమా ఫీజు కట్టాలె. నా తాన ఏముందక్కా? మేస్త్రి కడతనన్నడు. పోరి కార్డులు ఇయ్యి, పేరు సరిజేపిస్త, బ్యాంకుల ఖాతా తెరుస్త, దాని పేరు మా హాజరు మస్టర్ల రాస్త అన్నడు. కాగితమే గదా, పేరుకు ఏం నొప్పి అన్నడు."

"సంతకాలు?"

"చెక్కు బుక్కు మీద పెట్టింది. ఫీజు లోన్‌కని చెప్పినం. బుక్కంత సహీలు చేసింది. నేనే చెయ్యమన్న," అన్నాడు.

అంటే ప్రతి నెలా ఆమె పేరున జీతం పడేది, ఆమె సంతకమున్న చెక్కుతోనే తీసుకునేవారు. కాగితం మీద ఎక్కడా లోపం లేదు. ఆమె చదువు, ఆ చదువుతో వచ్చిన ఉద్యోగం, ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు మింగబోతున్న ఆ పట్టికలోని పేరు, మూడూ ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయి.

బాలస్వామి గుంపు మేస్త్రి. పాలమూరు నుంచి మనుషులను తెచ్చి బిల్డర్లకు పెట్టేవాడు. అతన్ని దుర్మార్గుడని రాస్తే నాకు సులువు. రేణుక తల్లి పోయినప్పుడు శవాన్ని ఊరికి చేర్చింది అతనే. ఆ ఖోలీ ఇప్పించిందీ అతనే. పగిడీ, అంటే ముందుగా పెద్ద మొత్తం కట్టి తీసుకునే అద్దె హక్కు, అతని పేరు మీదే ఉంది. ఫాక్‌లాండ్ రోడ్డు మీద, తాళాలు బాగుచేసే కొట్టు పైన అతని ఆఫీసు. యాదయ్యను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. యాదయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

బాలస్వామి మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేయించాడు. "పద్మక్కా, నీకు చెప్పేది ఏముంది. ఖర్చు చూపియ్యకుంటే నాకు మిగిలేది ఏం లేదు. నా తాన గిట్లాంటి పేర్లు ఇంకా ఉన్నయి. ఎవరికి నష్టం కాలే," అన్నాడు.

ఇప్పుడు అవుతోందని చెప్పాను.

"అయితే ఒక పని జేస్త. జూలైల రాజీనామా చేసిందని కాగితం ఇస్త. పోరి మీ ఆఫీసుల అది ఇయ్యాలె. ముందుగల్ల మా తాన పని చేసిన, తర్వాత విడిచిన అని రాయాలె. ఆగస్టు నుంచి పడ్డది సరిచేపిస్త. టాక్స్ ఏమన్న పడితే నేను కడత."

ఆ కాగితంతో తారీఖులు కలుస్తాయి. ఫారం 12బి కూడా నిండుతుంది. కానీ అది తీసుకుంటే, తను చేయని ఉద్యోగం చేశానని రేణుక సంతకం పెట్టినట్టవుతుంది. చేరిన రోజు నా ముందు రాసిన "వర్తించదు" అబద్ధమవుతుంది. ఆ మాటే చెప్పాను.

"నీ తాత గూడ మస్టర్ల పేరు రాయించుకొనే బతికిండక్కా," అన్నాడు బాలస్వామి. "పేరు ఎవరిదైతే ఏంది, పైసలు ఎవరివైతే ఏంది. నువ్వు ఆఫీసుల పెద్దదానివి. నువ్వు ఊకుంటే అన్నీ ఊకుంటయి."

కిందికి దిగాక యాదయ్య, "ఏం జేస్తవక్కా?" అన్నాడు. చేయవలసింది చేస్తానన్నాను. అప్పటికే నా నిర్ణయం జరిగిపోయిందని నాకు తర్వాత అర్థమైంది. ఆ "ఊకుంటే" అన్న మాట నాలో ఎక్కడో గుచ్చుకుంది.

మా ఆసుపత్రిలో ఒక నియమం ఉంది. ఉద్యోగి గుర్తింపు పత్రాల మీద అనుమానం కలిగితే, తెలుసుకున్న అధికారి సిబ్బంది విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఎన్ని రోజుల్లో అన్నది నియమంలో లేదు. ఫారం 12బి మార్చి దాకా తీసుకోవచ్చు. పన్ను సర్దుబాటు మార్చి జీతంలో కూడా చేయవచ్చు. జనవరి నెలాఖరు దాకా నేను ఊరుకుని ఉంటే ఏ చట్టమూ తప్పేది కాదు, ఆసుపత్రికి పైసా నష్టమయ్యేది కాదు. ఇవన్నీ నాకు ఆ సోమవారమే తెలుసు.

సోమవారం పొద్దున రేణుక మళ్లీ వచ్చింది. ఇంకా పది రోజులే ఉందంది. ల్యాబ్ ఇన్‌చార్జి తన గురించి మంచి నివేదిక రాశాడని, చూపించాడని చెప్పింది. "నువ్వు రాయొద్దని అంటలేను. పదిరోజులు ఆగి రాయి," అంది.

నేనామెతో, దాచితే దోషం నీ మీదికొస్తుందని, నేను రాస్తే నువ్వు మోసపోయినదానివని అధికారికంగా నమోదవుతుందని, అదే నీకు రక్షణ అని చెప్పాను. నేను ఆ మాట నమ్మే చెప్పాను. ముప్ఫై ఏళ్లు ఆఫీసు నోట్లు రాసినదాన్ని. సరిగ్గా రాసిన నోటును ఎవరూ తప్పుగా చదవలేరని నాకొక నమ్మకం ఉండేది. దాంట్లో నా గర్వం ఎంత, బాలస్వామి మీద కోపం ఎంత అన్నది ఆనాడు వేరుచేసి చూసుకోలేదు.

మధ్యాహ్నానికి నోటు పంపాను. పేజీన్నర. ఉద్యోగి పాన్‌ను ఆమెకు తెలియకుండా వాడుకున్నారని, ఆమె స్వయంగా పత్రం తెరిచి చూపిందని, శాఖకు ఫిర్యాదు చేసుకునేందుకు ఆమెకు సెలవు, సహాయం ఇవ్వాలని రాశాను. నాలుగో పేరాలో, వివరాలు పూర్తిగా ఉండాలి కాబట్టి, "రికార్డు ప్రకారం ఉద్యోగి మన దగ్గర పనిచేస్తున్న కాలంలోనే మరో సంస్థ నుంచి జీతం పొందినట్లు కనబడుతోంది" అన్న వాక్యం ఉంది.

సిబ్బంది విభాగం మేనేజరు రెండో రోజు నన్ను పిలిచాడు. నా నోటు అతని ముందు ఉంది. ఆ ఒక్క వాక్యం కింద గీత గీసి ఉంది. అతను చెడ్డవాడు కాదు, నింపాదిగా హిందీలో మాట్లాడేవాడు. ఆమె మోసపోయిందో, మోసం చేసిందో తేల్చడం ఆసుపత్రి పని కాదన్నాడు. రెండు చోట్ల ఉద్యోగం చేయడం నియమావళికి విరుద్ధం, రికార్డు అలాగే చెబుతోంది అన్నాడు. మిగతా పేరాలు చదవమన్నాను. చదివానన్నాడు. చెక్కుల మీద సంతకం ఎవరిది అని అడిగాడు. ఆమెదే అన్నాను. అయితే మీరు చెప్పేది మీ నమ్మకం, రికార్డు కాదు అన్నాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు కాబట్టి, విచారణ పెట్టి పిల్ల పేరు పాడుచేయడం కంటే ఇదే ఆమెకు మేలు అని కూడా అన్నాడు. ఫైనాన్స్ మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఇది మన విభాగం వ్యవహారం కాదన్నాడు.

జనవరి ముప్ఫై ఒకటిన ఉత్తరం ఇచ్చారు. మూడు వాక్యాలు. ప్రొబేషన్ కాలం ముగిసినందున సేవలు ఇక అవసరం లేదని. బాకీ జీతం లెక్క చూసి పంపించే పని నా బల్లదే కాబట్టి, ఉత్తరం పట్టుకుని ఆమె నా దగ్గరికే రావలసి వచ్చింది. ఎదుటి కుర్చీలో కూర్చుని దాన్ని మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. నేను ఏదో చెప్పబోయాను.

"నేను ఆగమన్న గదత్తా," అంది.

చివరి లెక్క మీద సంతకం పెట్టమంటే, పెట్టేముందు కాగితం మొత్తం, వెనకపక్క కూడా చదివింది.

తర్వాత చేయవలసినవన్నీ చేశాం, అంటే ముందు చేయవలసినవి. వెబ్‌సైటులో ఆ వరుస ఎదుట, ఈ సమాచారం నాది కాదని ఆమె చేత రాయించాను. అలా రాస్తే శాఖ ఆ సంస్థనే అడుగుతుంది. కొన్ని నెలలకు సంస్థ జవాబు కనిపించింది: సమాచారం సరైనదే. జీతాల పట్టిక ఉంది, బ్యాంకు జమ ఉంది, చెక్కులున్నాయి. రేణుక దగ్గర తన మాట తప్ప ఏమీ లేదు.

పోలీసు ఫిర్యాదు ఒక్కటే మిగిలింది. అర్జీ నేనే మరాఠీలో రాసి ఏడో గల్లీకి తీసుకెళ్లాను. కార్డులు ఎవరిచ్చారు, సంతకాలు ఎవరు పెట్టమన్నారు అన్న చోట తండ్రి పేరు రాయక తప్పదు. యాదయ్య విని, "రాయి బిడ్డా, నా పేరు గూడ రాయి. చేసింది నేనే గదా," అన్నాడు.

రేణుక కాగితం నా చేతికి తిరిగి ఇచ్చింది. "నిన్ను లోపలికి పంపి నేను నోక్రి చెయ్యాల్నా బాపూ?" అంది. యాదయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. రేణుక స్టవ్ మీద గిన్నె పెట్టి, నన్ను భోజనం చేసి వెళ్లమంది. నేను తినకుండా వచ్చాను. తిని రావలసిందని తర్వాత అనిపించింది.

అర్జీ ఇవ్వలేదన్న సంగతి బాలస్వామికి తెలియదు, ఇవ్వబోయారన్నది మాత్రం తెలిసింది. వేసవిలో ఖోలీ ఖాళీ చేయమన్నాడు. వర్లిలో బంధువుల ఖోలీలో చీర అడ్డం కట్టుకుని సగం భాగంలో చేరారు. యాదయ్యను ఇక ఏ గుంపు మేస్త్రీ పిలవలేదు. పొద్దున కూలీలు పని కోసం చేరే నాకా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట వెళ్తున్నాడు. ఆ వయసువాణ్ని రోజూ ఎవరూ పిలవరు.

జూలైలో రేణుక రిటర్ను నేనే నింపాను. ఆరు నెలల నిజం జీతమే చూపాం. మిగతా దాని గురించి రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. చలికాలంలో శాఖ నుంచి నోటీసు వచ్చింది, చూపిన ఆదాయానికీ రికార్డులోని ఆదాయానికీ తేడా ఎందుకని. జవాబిచ్చాం. ఆధారాలు జతపరచమన్నారు. చేయని పనికి, రాని జీతానికి ఆధారం ఏమిటో నాకు తెలియలేదు. ఆసుపత్రి హాజరు పట్టిక నకలు పెట్టాం. అది ఆగస్టు నుంచి జనవరి దాకానే పనికొస్తుంది. 2025 మార్చిలో నేను పదవీ విరమణ చేసేనాటికి ఆ వ్యవహారం తేలలేదు. ఈ మాటలు రాసేనాటికీ తేలలేదు.

మధ్యలో ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం వచ్చింది. పరీక్షలో మొదటి వరుసలో నిలిచింది. చేరే రోజు పాన్, ఆధార్, వెనకటి యాజమాన్యాల వివరాలు అడిగే ఫారం ముందు పెట్టారట. వెనకటి యాజమాన్యాలు అన్న గడి దగ్గర కలం ఆగిపోయిందని చెప్పింది. రెండు రాస్తే అబద్ధం, ఒకటి రాస్తే మళ్లీ అదే కథ. ఫోటోకాపీ తీయించుకొస్తానని చెప్పి బయటికి వచ్చి, తిరిగి వెళ్లలేదు. ఇప్పుడు వర్లిలోనే ఒక చిన్న రక్తపరీక్షల కేంద్రంలో చేస్తోంది. తొమ్మిది వేలు, చేతికే ఇస్తారు. ఏ కార్డూ అడగరు. అందుకే అక్కడ చేరానంది.

చివరి ఏడాది నా బల్ల దగ్గర పద్ధతి మార్చాను. కొత్తగా చేరేవాళ్ల చేత ఏ సంతకమూ పెట్టించక ముందే ఆ సమాచార పత్రం తెరిపించేదాన్ని. ఇద్దరి విషయంలో తెలియని జీతాలు బయటపడ్డాయి. ఇద్దరి చేతా ముందు వాళ్ల పేరున ఫిర్యాదు చేయించి, దాని రసీదు చేతికొచ్చాకే నోటు రాశాను. ఒకరి ఉద్యోగం నిలిచింది, ఒకరిది నిలవలేదు. నా తర్వాత వచ్చిన అధికారి, మనిషికి అరగంట పడుతోందని ఆ పద్ధతి తీసేశాడని విన్నాను.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. మా వృత్తిలో రాసిన మాట బరువు అందులోని నిజాన్ని బట్టి ఉండదు, అది ఎవరు ముందు రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ ముందు కంపెనీ రాసింది, తర్వాత నేను రాశాను, అందరికంటే చివర రేణుక రాసింది. ఆమెను ముందు రాయనిచ్చి ఉంటే ఉద్యోగం నిలిచేదని చెప్పలేను. పది రోజులు ఆగి ఉంటే నిలిచేదని మాత్రం చెప్పగలను.